మార్గరెట్ కజిన్స్

మార్గరెట్ ఎలిజబెత్ కజిన్స్ (7 నవంబరు 1878 – 11 మార్చి 1954) ఐర్లండ్‌లో పుట్టి, భారతదేశంలో స్త్రీల ఓటు హక్కు కోసం తొలినాళ్లలో పోరాడిన నాయకురాలు. తెలుగునాట ఆమె పేరు వినగానే గుర్తొచ్చేది మదనపల్లె, జాతీయ గీతం. ఓటు హక్కు కోసం ఆమె చేసిన పని దాని చాటునే ఉండిపోయింది.

రాస్‌కామన్ కౌంటీలోని బాయిల్ ఆమె స్వస్థలం, పుట్టింటివారు గిలెస్పీలు. డబ్లిన్‌లో సంగీతం చదివి, 1903లో కవి జేమ్స్ కజిన్స్‌ను పెళ్లాడింది. 1908లో హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి స్త్రీల ఓటు హక్కు కోసం ఐరిష్ విమెన్స్ ఫ్రాంచైజ్ లీగ్‌ను స్థాపించింది. లండన్‌లో కిటికీ అద్దాలు పగలగొట్టినందుకు 1910లో హాలోవే జైలుకు, డబ్లిన్ కోట అద్దాలు పగలగొట్టినందుకు 1913లో టల్లమోర్ జైలుకు వెళ్లింది. రాజకీయ ఖైదీగా గుర్తించాలని అక్కడ నిరాహార దీక్ష చేసింది.

దివ్యజ్ఞాన సమాజం పిలుపు మీద 1915లో దంపతులు మద్రాసు వచ్చారు. తర్వాత జేమ్స్ మదనపల్లె కళాశాలలో చేరడంతో కాపురం అక్కడికి మారింది. 1917లో అనీ బిసెంట్, డొరతీ జినరాజదాస తదితరులతో కలిసి మార్గరెట్ అడయారులో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్‌ను నెలకొల్పింది.

ఆ ఏడాదే రాజ్యాంగ సంస్కరణల పరిశీలనకు భారత మంత్రి మాంటేగు ఈ దేశానికి వచ్చాడు. స్త్రీల చదువు గురించి ఆయనను కలవాలని మార్గరెట్ మొదట అనుకుంది. రాజకీయ విషయాలైతేనే వింటామని జవాబు రావడంతో వినతిపత్రంలో ఓటు హక్కును చేర్చింది. దరఖాస్తు తిప్పికొట్టబోయిన అధికారులే ఆ విధంగా ఉద్యమానికి దారి చూపారనాలి. 1917 డిసెంబరు 18న సరోజినీ నాయుడు నాయకత్వంలో స్త్రీల ప్రతినిధి బృందం మద్రాసులో మాంటేగును కలిసింది.

ఫలితం వెంటనే రాలేదు. ఓటు అర్హతలను పరిశీలించిన సౌత్‌బరో కమిటీ ఈ కోరికను తోసిపుచ్చింది. 1919 భారత ప్రభుత్వ చట్టం స్త్రీలకు ఓటు ఇవ్వాలా వద్దా అన్న నిర్ణయాన్ని రాష్ట్రాల శాసన మండళ్లకు వదిలేసింది. 1921లో మద్రాసు మండలి మిగతా రాష్ట్రాల మండళ్లకంటే ముందు స్త్రీలకు ఓటు ఇచ్చింది. ఆస్తి అర్హత ఉన్నవారికే కాబట్టి అది కొద్దిమందికే దక్కింది. కోస్తా, రాయలసీమ అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోనివే గనుక అక్కడి తెలుగు స్త్రీలకూ వర్తించింది. పోటీచేసే హక్కు 1926లో వచ్చింది. మార్గరెట్ ప్రోత్సాహంతో ఆ ఎన్నికల్లో నిలబడిన కమలాదేవి చట్టోపాధ్యాయ స్వల్ప తేడాతో ఓడిపోయింది. 1927లో పుణేలో అఖిల భారత మహిళా సభ ఏర్పడటానికి ముందు నిలిచిందీ మార్గరెట్టే. ప్రభుత్వ ఆర్డినెన్సులను వ్యతిరేకించి 1932లో వేలూరు జైలుకు వెళ్లింది.

ఇక జాతీయ గీతం విషయానికొస్తే, 1919 ఫిబ్రవరిలో మదనపల్లె వచ్చిన టాగోరు పాడగా 'జనగణమన'కు ఆమె స్వరలిపి రాసింది. బాణీ కట్టింది ఆమేనన్న ప్రచారం సరికాదు: ఆ పాటను 1911లోనే కలకత్తా కాంగ్రెస్ సభలో పాడారు.

1940వ దశకంలో పక్షవాతం ఆమెను మంచం పట్టించింది. స్వాతంత్ర్యానంతరం మద్రాసు ప్రభుత్వం ఆమె సేవలకు గుర్తింపుగా ధనసహాయం అందించింది. ఢిల్లీలోని అఖిల భారత మహిళా సభ కార్యాలయంలో ఉన్న గ్రంథాలయానికి ఆమె పేరే పెట్టారు.