ఆసు యంత్రం – మిగిలిన గంటలు

యంత్రం మనిషి శ్రమను తగ్గిస్తుందన్న మాట నిజమే. ఐతే అలా మిగిలిన కాలం ఎవరికి దక్కుతుందన్నది వేరే ప్రశ్న. చరిత్రను పరిశీలిస్తే ఈ ప్రశ్నకు యంత్రం ఎన్నడూ తనంతట తానే సమాధానం చెప్పలేదని తెలుస్తుంది.

ఇంగ్లండులో ఆవిరియంత్రాలు, గ్యాసుదీపాలు వచ్చాక నూలుమిల్లుల పని రాత్రివేళలకు కూడా ప్రాకింది. అక్కడ స్త్రీలకు, యువకార్మికులకు రోజుకు పది గంటల పరిమితి 1847 నాటి చట్టంతోగాని రాలేదు. మన దేశంలో 1881 ఫ్యాక్టరీల చట్టం పిల్లల పని గంటలనే పరిమితం చేసింది. వారానికి 48 గంటలకు మించి వయోజనులచేత పని చేయించరాదని 1948 చట్టం నిర్దేశించింది.

ఐతే ఇంటిలోని మగ్గానికి ఈ చట్టం వర్తించలేదు. చౌటుప్పల్ మండలంలోని కొయ్యలగూడెం, దాని పొరుగున ఉన్న పోచంపల్లి చిటికి నేతకు ప్రసిద్ధి చెందిన గ్రామాలు. అక్కడ నూలుకు చిటికి కట్టి రంగులద్దడానికి ముందు, దానిని మేకుల చుట్టూ వరుసగా త్రిప్పాలి. ఇదే ఆసు పోయడం. ఒక్క చీరకు చేతిని సుమారు 9,000 సార్లు అటూ ఇటూ ఆడించాలి. నాలుగైదు గంటలు పడుతుంది. ఈ పని ఎక్కువగా ఇంటి ఆడవారిదే. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి లక్ష్మి భుజాల నొప్పితో బాధపడటం చూసి, 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి దానికి ఆమె పేరే పెట్టారు. పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించింది.

ఆ తల్లుల భుజాలకు ఉపశమనం కలిగిందన్నది నిస్సందేహం. కాని మిగిలిన గంటల మాటేమిటి? కూలి చీర లెక్కన ముడుతున్నప్పుడు, ఆ గంటల్లో మరో చీరకు ఆసు పోయడమే సహజం. రాబడి పెరగవచ్చు, తీరిక పెరగాలన్న నియమం లేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన సమాజంలోనే ఉంది. వింటితో దూది ఏకి జీవించిన దూదేకుల ముస్లిముల వృత్తిని మరలు చేజిక్కించుకున్నాయి. వారికి మిగిలినది తీరిక కాదు, పనిలేమి. ఆసు యంత్రం నేతగాని ఇంట్లోనే ఉండి, అతని కుటుంబానికే ఉపయోగపడింది. దూది మర మాత్రం దూదేకులవాని చేతిలోకి రాలేదు.

కనుక ఒక యంత్రాన్ని ప్రగతి అని పిలిచే ముందు మూడు విషయాలు విచారించాలి: అది ఎవరి సొత్తు? కూలి ఏ లెక్కన ముడుతుంది? పని ముగిసే వేళను ఎవరు నిర్ణయిస్తారు? కొయ్యలగూడెంలోనైనా, మాంచెస్టరులోనైనా కార్మికుని విశ్రాంతి వీటిమీదనే ఆధారపడి ఉన్నది.