మొక్కు ఒకరిది, ఖజానా అందరిది

తెలంగాణ వస్తే ఫలానా దేవుడికి ఫలానా నగ చేయిస్తానని కేసీఆర్ గారు మొక్కుకున్నారట. మొక్కుకోవడం ఆయన ఇష్టం. హేతువాదిగా నాకు దానిమీద నమ్మకం లేకపోయినా, ఆయనకు ఆ హక్కు ఉంది. నా అభ్యంతరం బిల్లు ఎవరు కట్టారన్న దానిమీదే.

2016లో వరంగల్ భద్రకాళికి బంగారు కిరీటం. 2017 ఫిబ్రవరిలో తిరుమల వెంకటేశ్వరుడికి సుమారు 5 కోట్ల రూపాయల నగలు. అదే నెలలో కురవి వీరభద్రుడికి బంగారు మీసాలు. ఇవన్నీ ప్రభుత్వ సొమ్ముతో చేయించినవి. ప్రభుత్వ సొమ్ము అంటే ముస్లిం, క్రైస్తవ, నాస్తిక పౌరులది కూడా. ఒక మతాన్ని పోషించడానికి పన్ను కట్టమని ఎవర్నీ నిర్బంధించరాదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతోంది. కోర్టుల్లో దాని వ్యాఖ్యానం ఎలా ఉన్నా, నైతికంగా అర్థం తేలికే: నా మొక్కు నా జేబులోంచి తీర్చుకోవాలి.

ఇక రెండో సంగతి. 2011 సకల జనుల సమ్మెలో ఆర్టీసీ కార్మికులు బస్సులు ఆపారు. అప్పుడు వాళ్ళు ఉద్యమ వీరులు. 2019 అక్టోబర్ 5న సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలన్న డిమాండుతో సుమారు 48 వేల మంది అదే పని చేశారు. ఈసారి వాళ్ళు, ముఖ్యమంత్రి మాటల్లో, తమను తామే డిస్మిస్ చేసుకున్నవాళ్ళు. పనిచేసిన సెప్టెంబర్ నెల జీతం కూడా ఆపేశారు. జీతాలకు డబ్బు లేదని హైకోర్టులో చెప్పారు. ఖమ్మంలో ఒక డ్రైవరు ఒంటికి నిప్పంటించుకుని చనిపోయాడు.

నగల డబ్బుతో జీతాలు ఇచ్చేయొచ్చని నేను వాదించను. 48 వేల మంది జీతాలకు 5 కోట్లు ఏ మూలకీ రావు. కానీ ఏ ఖర్చుకు లెక్క అడుగుతారు, ఏ ఖర్చుకు అడగరు అన్నదే ప్రభుత్వ స్వభావాన్ని చెబుతుంది. బస్సుకు నష్టం వస్తే సంస్థ దండగ అంటారు. మారుమూల పల్లెకు నష్టంతో నడిచే బస్సు ప్రజాసేవ అని గుర్తురాదు. కిరీటం మీద వచ్చే లాభం ఎంతో మాత్రం ఎవరూ అడగరు!

52 రోజుల తర్వాత, నవంబర్ 25న, సమ్మె విరమించారు. మర్నాడు డిపోలకు వెళ్ళినవాళ్ళను లోపలికి రానివ్వలేదు. 28న ముఖ్యమంత్రి దయతలచి చేరమన్నారు. తర్వాత సమ్మె కాలపు జీతం, 60 ఏళ్ళ రిటైర్మెంటు వయసు ఇచ్చారు. దాంతోపాటే రెండేళ్ళు యూనియన్లు వద్దన్నారు, వాటి బదులు సంక్షేమ మండళ్ళు పెట్టారు. గమనించండి: వరం ఇచ్చారు, అడిగే నోరు తీసేసుకున్నారు. హక్కుకూ వరానికీ తేడా ఇక్కడే ఉంది. వరం ఇచ్చినవాడు ఎప్పుడైనా వెనక్కి తీసుకోగలడు.

అసలు విడ్డూరం 2023లో జరిగింది. విలీనం అసాధ్యమన్న ప్రభుత్వమే ఆ ఏడాది ఆగస్టులో, ఎన్నికలకు నాలుగు నెలల ముందు, విలీనం బిల్లు శాసనసభలో ఆమోదించింది. 2019లో అసాధ్యమైనది 2023లో ఎలా సాధ్యమైంది? ఆర్థికశాస్త్రం మారలేదు, క్యాలెండర్ మారింది.

యూనియన్లనూ వదిలిపెట్టకూడదు. ఆర్టీసీలోని పెద్ద యూనియన్ ఏళ్ళ తరబడి అప్పటి పాలకపార్టీ నీడలోనే పెరిగింది, ఆ పార్టీ మంత్రి దానికి గౌరవాధ్యక్షుడిగా ఉండేవారు. 2015లో 44 శాతం ఫిట్‌మెంట్ వచ్చినప్పుడు ఆ నీడ చల్లగానే ఉంది. నాయకుడి పటానికి పాలాభిషేకం చేసిన చేతులు రేపు అదే నాయకుణ్ణి నిలదీయడం కష్టం. సమ్మెకు నాయకత్వం వహించిన జేఏసీ కన్వీనర్ 2021లో బీజేపీలో చేరారు. ఒక నీడ పోతే ఇంకో నీడ! కార్మికుడికి సొంత గొడుగు ఎప్పుడు?

రాజకీయ నీతికి నా కొలబద్ద చిన్నది. అధికారంలో లేనప్పుడు మెచ్చుకున్న సమ్మెను, అధికారంలోకి వచ్చాక కనీసం వినాలి. దేవుడికి ఇచ్చిన మాటను ప్రజల డబ్బుతో తీర్చినవాళ్ళు, ప్రజలకిచ్చిన మాటను దేవుడి మీదకు నెట్టకూడదు. పార్టీలు మారినా ఈ ప్రశ్న మారదు. తర్వాతి ప్రభుత్వాలనూ ఇదే కొలబద్దతో కొలవాలి.