నూలుగుడ్డ నుంచి ప్లాస్టిక్ ప్యాడ్ వరకు

పత్తి పండే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో నెలసరికి ఒకప్పుడు ఏం వాడేవారో మీ ఇంటి పెద్దవారిని అడగండి. పాత నూలుగుడ్డ అంటారు. ఆ తరువాత ప్లాస్టిక్ పొర ఉన్న ప్యాడ్లు వచ్చాయి. 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో 7–12 తరగతుల బాలికలకు నెలకు 10 ప్యాడ్ల పంపిణీ మొదలైంది. ఇది మేలైన మార్పే.

అయితే ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు అందులో స్థిరంగా ఉండవు, మెల్లగా బయటికి వస్తాయి. వీటిలో కొన్ని హార్మోన్ల పనికి అడ్డుపడతాయి. పసిపిల్లలు నోట పెట్టుకునే బొమ్మల్లో ఐరోపా సంఘం 1999లోనే వీటిని నిషేధించింది. మన ప్యాడ్లకు 1980 నాటి ప్రమాణం పీల్చుకునే శక్తిని చూసింది కాని థాలేట్లను చూడలేదు. 2022లో ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ సంస్థ పరీక్షించిన 10 ప్యాడ్లలోనూ అవి కనిపించాయి. వాటివల్ల జబ్బు వచ్చిందని ఆ పరీక్ష నిరూపించలేదు. లోపల ఏముందో తెలుసుకునే హక్కు వాడేవారికి ఉందని మాత్రం గుర్తుచేసింది.

స్వయం సమీక్ష: వస్తువు అందుబాటులోకి వచ్చిన వేగంతో దాని భద్రతా ప్రమాణాలు ఎందుకు రాలేదు?