అడిగి చేసే రక్తపరీక్ష



2010కి ముందు గ్రీన్‌కార్డు మెడికల్‌కి వెళ్ళినవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. చెయ్యి చాపమన్నారు, రక్తం తీశారు. అందులో హెచ్ఐవీ పరీక్ష కూడా ఉండేది. 1987లో పెట్టిన ఆ నిబంధనని అమెరికా 2010 జనవరిలో ఎత్తేసింది. గల్ఫ్‌కి ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళకి ఇప్పటికీ తప్పదు. అంటే మనలో చాలామంది ఎరిగింది తప్పనిసరి పరీక్షే. మన ఇష్టంతో చేసే పరీక్షది వేరే కథ.

1985 మార్చిలో అమెరికాలో ఈ పరీక్షకి అనుమతి దొరికింది, బ్లడ్‌బ్యాంకుల్లో రక్తాన్ని పరీక్షించడానికి. జబ్బుందో లేదో తెలుసుకుందామని జనం రక్తదానానికే వస్తారేమోనన్న భయంతో, పేరు చెప్పనక్కర్లేని కేంద్రాలు విడిగా తెరిచారు.

మన దేశంలో తొలి కేసుల్ని 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సాల్మన్, ఆమె విద్యార్థిని నిర్మల బయటపెట్టారు. తర్వాత జరిగింది భయపెట్టడమే. గోవాలో డొమినిక్ డిసౌజా అనే యువకుడు రక్తదానం చేసేవాడు. ఆ రక్తంలో వైరస్ కనబడింది. 1989 ఫిబ్రవరిలో పోలీసులొచ్చి పట్టుకెళ్ళారు. నేరమేమీ లేదు. 64 రోజులు ఒంటరిగా నిర్బంధించారు, అప్పటి గోవా చట్టం అందుకు ఒప్పుకునేది. తల్లి లూసీ కోర్టుకెక్కారు. కొడుకు బయటికొచ్చాడు గానీ, బొంబాయి హైకోర్టు ఆ చట్టాన్ని కొట్టెయ్యలేదు. ఇది విన్నవాడెవడైనా తనంతట తాను పరీక్షకి వెళతాడా చెప్పండి!

ఉగాండా రాజధాని కంపాలాలో 1990లో పేరడగని కేంద్రం తెరిచారు. మన దేశంలో ఇష్టపూర్వక పరీక్షా కేంద్రాలు 1997లో మొదలయ్యాయి. తలుపు వేసిన గదిలో కౌన్సెలర్ ముందు మాట్లాడి, సరేనంటేనే రక్తం తీస్తారు. వైరస్ సోకిన వెంటనే పరీక్షలో కనబడదని, అవసరమైతే మూడు నెలలకి మళ్ళీ రమ్మని చెబుతారు. ఫలితం కూడా అలాగే, మనిషికి మనిషి ఎదురుగా. ఈ మాటలకి ఫలముందా? కెన్యా, టాంజానియా, ట్రినిడాడ్‌లలో చేసి 2000లో ప్రచురించిన అధ్యయనంలో, వట్టి ఆరోగ్య సమాచారం విన్నవాళ్ళకంటే కౌన్సెలింగ్, పరీక్ష రెండూ పొందినవాళ్ళే ఎక్కువ జాగ్రత్తపడ్డారు.

అయితే మందు లేనప్పుడు ఫలితం చావుకబురులాగే ఉండేది. 2004 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో ఉచితంగా మందులివ్వడం మొదలెట్టాక గాని, పరీక్షకి వెళ్ళడానికి గట్టి కారణం దొరకలేదు. 2006 నుంచి కేంద్రాల పేరులోంచి ఇష్టపూర్వకమన్న మాట పోయింది, సమగ్ర కేంద్రాలయ్యాయి. గర్భిణులకీ అక్కడే పరీక్ష. సర్కారు ఆస్పత్రి క్యూలో నిలబడ్డ ఆడమనిషి వద్దనగలదా అన్నది నా సందేహం.

2017లో పార్లమెంటు చేసిన చట్టం 2018 సెప్టెంబరులో అమల్లోకొచ్చింది. పరీక్షకి ఒప్పుకోలు తీసుకోవాలి, ముందూ వెనకా కౌన్సెలింగ్ ఉండాలి అంటుంది. గల్ఫ్ మెడికల్‌కి వెళ్ళొచ్చిన మీ తమ్ముణ్ణో బావమరిదినో ఒకసారి అడిగి చూడండి, ఎవరైనా కూర్చోబెట్టి మాట్లాడారా అని.