హార్డ్‌టెయిలా, ఫుల్ సస్పెన్షనా? 16 ఏళ్ల కథ

బీర్కూర్‌లో మౌంటెన్ బైక్ కొనాలంటే మొదటి డౌట్ ఇదే: ముందు ఫోర్కుకే సస్పెన్షన్ ఉండే హార్డ్‌టెయిలా, వెనక కూడా ఉండే ఫుల్ సస్పెన్షనా?

చరిత్ర చూద్దాం. 1996 అట్లాంటాలో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌కి వచ్చింది. పురుషుల్లో బార్ట్ బ్రెంట్యెన్స్ హార్డ్‌టెయిల్ మీదే గోల్డ్ కొట్టాడు. ఫుల్ సస్పెన్షన్‌కి ఆ గోల్డ్ దక్కింది 2012 లండన్‌లో, యారోస్లావ్ కుల్హావీతో. ఎందుకంత లేటు? వెనక షాక్ అంటే అదనపు బరువు. ఎత్తు ఎక్కేటప్పుడు తొక్కిన బలం కొంత ఊగడానికే పోయేది. అవి తగ్గాకే లెక్క మారింది.

మరి మనకి? నిజాంసాగర్ కాలువ కట్ట మీద రాళ్ల దిగుడు లేదు, నాట్లప్పుడు బురద ఉంటది. వెనక బేరింగుల్లోకి బురద పోతే ఖర్చు మనదే. అందుకే నా ఓటు హార్డ్‌టెయిల్‌కే. మిగిలిన పైసలు మంచి టైర్లకి, బ్రేకులకి పెట్టండి.