నీరులేని ద్వీపము

ద్వీపరాజ్యమునకు సముద్రమే ఎల్ల. ఐనను ఆ నీటిపైనను గీత గీయక తప్పదు. 1974లో భారతదేశమును, లంకయు పాక్ జలసంధిలో గీసికొన్న గీతవలన కచ్చతీవు లంకవైపునకు పోయినది. అచటి జాలరుల తగవు నేటికిని తీరలేదు.

సముద్రమునకు దూరమైన మా ప్రాంతమున ఇట్టి కథ యేమున్నదని శ్రోతలు అడుగవచ్చును. వైరానుండి తల్లాడ, కొత్తగూడెము, పాల్వంచల మీదుగా పోయి, సారపాక యొద్ద వంతెన దాటుదుము. గోదావరి ఎడమగట్టున భద్రాచలము కనబడును. ఈ నదియు ఒకప్పుడు ఇరువురు ప్రభువుల నడిమి సరిహద్దే.

1860 నాటి సంధిలో నిజాము ఎడమగట్టు తాలూకాలను ఆంగ్లేయుల కిచ్చెను. గోదావరిపై సుంకములేని పడవ ప్రయాణమునకును సమ్మతించెను. బదులుగా రాయచూరు అంతర్వేది మున్నగునవి ఆయనకు తిరిగి దక్కినవి. భద్రాచలము తొలుత మధ్యపరగణాలలో నుండి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారినది. ఎదుటిగట్టు బూర్గంపాడు మాత్రము నిజాము రాజ్యముననే నిలిచెను. గోలకొండ తానీషా కొలువున తహసీలుదారైన కంచర్ల గోపన్న కట్టించిన గుడికి, హైదరాబాదు రాజ్యపు యాత్రికుడు పరప్రభుత్వపు నేలపై కాలుమోపి పోవలసినవాడయ్యెను. ఇరుగట్లను బంధువులున్న కోయలను ఎవరును అడిగినది లేదు.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా రెండుగట్లును ఒకే రాష్ట్రమున చేరినవి. 1959లో భద్రాచలము, నూగూరు తాలూకాలు ఖమ్మము జిల్లాలో కలిసినవి. 1965లో వంతెన వచ్చినది. నీటిగీత చెరిగినదని అందరును తలచిరి.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్ర మవతరించినది. అంతకు నాలుగు దినములముందు, మే 29న, పోలవరపు ముంపు గ్రామములను ఆంధ్రప్రదేశ్‌లో నుంచుచు ఆర్డినెన్సు వెలువడినది. జూలైలో పార్లమెంటు దానిని చట్టముగా చేసెను. నిర్వాసితుల పునరావాసము ఒకే ప్రభుత్వము చేతిలో నుండవలెనన్న వాదమున బలము లేకపోలేదు. కాని ఏడు మండలముల గ్రామములు అటు పోగా, భద్రాచలము పట్టణ మొక్కటి ఇటు నిలిచినది.

నేడు పట్టణపు పొలిమేర దాటినంతనే రాష్ట్రము మారును. దుమ్ముగూడెము, చర్లలకు పోవు బాట పొరుగు రాష్ట్రపు ఊళ్ళగుండ సాగి, మరల తెలంగాణలో ప్రవేశించును. రామాలయపు భూములు పెక్కు పురుషోత్తపట్నమున, అనగా సరిహద్దు కావల, నున్నవి. ఒకవైపు నది, తక్కిన వైపుల పరరాష్ట్రము: నీరులేని ద్వీపమన నిదియే.

1986 ఆగస్టులో ఇచట గోదావరి 75.6 అడుగులకు పొంగినది. 2022 జూలైలో మరల 71 అడుగులు దాటినది. ఆ వరద పిమ్మట, ఎటపాక, పురుషోత్తపట్నము, గుండాల, కన్నాయిగూడెము, పిచ్చుకలపాడు అను ఐదు గ్రామములను తిరిగి కలుపవలెనన్న కోరిక తెలంగాణలో బలపడినది. వరదవేళ గట్టున నిలిచినవానికి కావలసినది పడవ, పాక, పట్టెడన్నము. వాని నే ప్రభుత్వ మీయవలెనో తేలుసరికి నీరు ఇంటి చూరు నంటును.

1860లో పడవలకొఱకు, 2014లో ఆనకట్టకొఱకు గీతలు మారినవి. గట్టుమీది జనుల మాట ముందుగా విని గీత గీచిన దినము ఇంకను రావలసియున్నది.