పదవి వదులుకున్న డచెస్

మన దేశానికి స్వపరిపాలన ఇవ్వవద్దన్న బ్రిటిష్ నాయకురాలి గురించి మన బడి స్వర్ణోత్సవ సంచికలో రాయడమేమిటని మిత్రులు అడగవచ్చు. చివరిదాకా చదివి, ఆమెను మెచ్చుకోవాలో లేదో మీరే తేల్చండి.

ఆమె పేరు కేథరిన్ స్టూవర్ట్-ముర్రే. ఆథోల్ డచెస్‌గా ప్రసిద్ధురాలు. 1874లో పుట్టారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు ఆడవాళ్లకు ఓటుహక్కు వద్దని వాదించారు. అదే మనిషి 1923లో కన్సర్వేటివ్ అభ్యర్థిగా గెలిచి, స్కాట్లాండ్ నుంచి కామన్స్ సభకు వెళ్లిన తొలి మహిళ అయ్యారు. 1924 నుంచి 1929 వరకు విద్యాశాఖలో పార్లమెంటరీ కార్యదర్శిగా పనిచేశారు. కన్సర్వేటివ్ ప్రభుత్వంలో పదవి చేపట్టిన తొలి మహిళ ఆమే.

1935 నాటి భారత ప్రభుత్వ బిల్లును చర్చిల్‌తో పాటు ఆమె గట్టిగా ఎదిరించారు. బిల్లు ఆగలేదు. 1937లో మద్రాసు ప్రెసిడెన్సీలో మన కోస్తా, రాయలసీమ జిల్లాలు ఓటు వేసింది ఆ చట్టం కిందనే. ఈ విషయంలో ఆమెను సమర్థించడం నావల్ల కాదు.

అయితే గైడు చదివి పాఠం వదిలేయవద్దని మన మాస్టార్లు చెప్పేవారు కదా, ఆ పని చేసింది ఈవిడ. హిట్లర్ 'మైన్ కాంఫ్'కు 1933లో వచ్చిన ఇంగ్లీషు అనువాదం సంక్షిప్తం. ఆమె జర్మన్ మూలం చదివి, అనువాదంలో రాని ప్రమాదకరమైన మాటలను బయటపెట్టారు. స్పెయిన్ అంతర్యుద్ధంలో రిపబ్లిక్ పక్షాన నిలిచారు. 1937లో దాదాపు 4,000 మంది బాస్క్ పిల్లలను బ్రిటన్‌కు తీసుకురావడానికి పాటుపడ్డారు. దాంతో సొంత పార్టీవాళ్లే 'ఎర్ర డచెస్' అని ఎగతాళి చేశారు.

1938 సెప్టెంబరులో చాంబర్లేన్ మ్యూనిక్‌లో హిట్లర్‌తో ఒప్పందం చేసుకుని వస్తే దేశం జేజేలు కొట్టింది. ఆమె మాత్రం తప్పన్నారు. నియోజకవర్గ పార్టీ మరో అభ్యర్థిని చూసుకుంది. ఆమె ఊరుకోలేదు. సభ్యత్వానికి రాజీనామా చేసి, ఇండిపెండెంటుగా మళ్లీ ప్రజల ముందుకు వెళ్లారు. డిసెంబరు 21న జరిగిన ఉప ఎన్నికలో 1,313 ఓట్ల తేడాతో ఓడిపోయారు.

తొమ్మిది నెలలు తిరగకముందే యుద్ధం వచ్చింది. ఆమె చెప్పిందే నిజమైంది. కానీ పోయిన సీటు తిరిగి రాలేదు. 1960లో కన్నుమూసేదాకా ఆమె మళ్లీ పార్లమెంటులో కూర్చోలేదు.

మన విషయంలో ఆమె చూపు కురచే. ఐరోపా విషయంలో మాత్రం తోటివారికంటే చాలా దూరం చూశారు. ఓటమి ఖాయమని భయపడి నోరు మూసుకోలేదు. ఆ ఒక్క గుణానికి నేను నమస్కరిస్తాను.